ట్యాంకు నిండినప్పుడే తెగిపోయే సిగ్నల్: నల్లగొండలో ఒక ఇంటి కేస్ స్టడీ

మా పనిలో ఎక్కువగా వినే మాట ఒక్కటే: "అన్నా, సిగ్నల్ పెంచు." ఈ ఇంట్లో నేను చేసింది దానికి పూర్తిగా ఉల్టా. రూటర్ పవర్ తగ్గించాను, అది గాలిలో వాడే ఛానల్ (ఫ్రీక్వెన్సీ ముక్క) వెడల్పు సగం చేశాను, సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంపే రిపీటర్ తీసేశాను. అప్పుడు గానీ ఇల్లు కుదుటపడలేదు. నాలాంటి పని చేసేవాళ్లకూ, ఇంట్లో స్మార్ట్ లైట్లు, కెమెరాలు పెట్టుకుని రోజూ తంటాలు పడేవాళ్లకూ పనికొస్తుందని మొదటి నుంచి చివరి వరకు రాస్తున్నాను. నేను నల్లగొండలో సీసీ కెమెరాలు, నెట్‌వర్క్ వైరింగ్, స్మార్ట్ స్విచ్‌ల పని చేస్తాను.

ఇల్లు, ఫిర్యాదు

ఇల్లు పానగల్ రోడ్డు వైపు. రిటైరైన హెడ్మాస్టర్ గారు, వాళ్ల ఇంటావిడ, ఇద్దరే ఉంటారు. ముందు భాగం పాతది, అడుగున్నర మందం రాతి గోడలు. వెనక, పైన తర్వాత కట్టుకున్న ఇటుక గోడల గదులు, ఆర్‌సీసీ స్లాబు. కొడుకు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక, రాత్రిపూట ఆమె చీకట్లో తడుముకోకూడదని బాత్రూమ్ దారిలో మనిషి కదిలితే వెలిగే లైట్లు పెట్టాడు. అక్కడ మొదలై తలుపు సెన్సర్లు, 3 స్మార్ట్ ప్లగ్గులు, సంపులోంచి పైట్యాంకుకు నీళ్లెక్కించే మోటార్‌కు ఒక రిలే (ఆదేశం అందితే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్), ట్యాంకు అంచున నీటి సెన్సర్ దాకా వచ్చింది. ఇవన్నీ జిగ్బీ పరికరాలు, అంటే వైఫై కాకుండా తక్కువ పవర్‌తో నడిచే వేరే రేడియో పద్ధతిలో మాట్లాడుకునేవి. వీటిని నడిపే హబ్, టీవీ కింద పెట్టిన రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్, అందులో హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్. ఇవి కాక వైఫై మీద నడిచే 4 కెమెరాలు, టీవీ, ఏసీలకు 2 రిమోట్ పెట్టెలు, ఫోన్లు.

సార్ ఫోన్ చేసినప్పుడు చెప్పిన మాటలు నాకు ఇంకా గుర్తే. "తమ్మీ, మోటర్ బంద్ అయితలేదు. ట్యాంకు నిండి నీళ్లన్నీ గల్లీల పారుతున్నయి. నాకు తల తీసేసినట్టు ఉంటున్నది." ఈ జిల్లాలో ఈ మాటకు బరువుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులు ఉన్న జిల్లా ఇది. నల్లాలో కృష్ణా నీళ్లు వస్తే ఎంత సంబరమో తెలిసిన తరం ఆయనది. ఆ నీళ్లు తన ఇంటి నుంచి మోరీలోకి పోతుంటే ఆయన తట్టుకోలేకపోయారు.

నాకంటే ముందు వేరే ఒకతను వచ్చి చూశాడట. రూటర్ మార్చాడు, మిద్దె మీద ఒక రిపీటర్ బిగించాడు, రూటర్ పవర్ ఫుల్‌కి పెట్టాడు. ఫోన్లో గీతలు నిండుగా కనిపించాయి. లైట్లు మాత్రం ముందుకన్నా ఆలస్యంగా వెలగడం మొదలైంది. అతణ్ని తప్పుపట్టలేను. గీతలు తక్కువుంటే రిపీటర్ పెట్టడమే మాలో చాలామంది నేర్చుకున్న పని.

పొద్దున పోతే అంతా బాగానే ఉంది

మొదటి రోజు పదిన్నరకు వెళ్లాను. లైటు ముందుకు వెళ్లగానే వెలిగింది. మోటార్ ఫోన్లో నొక్కగానే ఆన్ అయింది, ఆఫ్ అయింది. సార్ మొహం చిన్నబోయింది, తన మాట నేను నమ్మనేమోనని. "సాయంత్రం ఆరున్నరకు మళ్లీ వస్తా సార్" అని చెప్పి, కొడుకుతో ఫోన్లో మాట్లాడి హోమ్ అసిస్టెంట్ లాగిన్ తీసుకుని వచ్చేశాను.

ఇలాంటి కేసుల్లో టైం తెలుసుకోవడం సగం పని. ఎప్పుడు చెడిపోతుందో రాసుకోకుండా పరికరాలు మార్చడం మొదలుపెడితే డబ్బు పోతుంది, జబ్బు ఉంటుంది. లాగ్ చూస్తే లెక్క స్పష్టంగా ఉంది. లైట్ల ఆలస్యం సాయంత్రం 6 నుంచి రాత్రి 10 మధ్య. మోటార్ ఆగకపోవడం కూడా ఆ టైంలోనే. కొడుకు ముందే ఒక నిర్ణయానికి వచ్చేశాడు: "ఆ టైంలో చుట్టుపక్కల అందరూ టీవీలు చూస్తారన్నా, వైఫై రద్దీ." అందులో కొంత నిజం ఉంది. కానీ మోటార్ కూడా రోజూ సాయంత్రమే నడుస్తుంది, నల్లా నీళ్లు సంపులోకి వచ్చాక. రెండూ ఒకే టైంలో జరిగినంత మాత్రాన రెంటికీ కారణం ఒకటే అనుకోకూడదని నా అనుభవం.

ఒకే గాలి, అందరి మాటలు

సాయంత్రం మళ్లీ వెళ్లి, హాల్లో నిలబడి ఫోన్లో వైఫై అనలైజర్ తెరిచాను. 16 నెట్‌వర్క్‌లు. సార్ వాళ్ల రూటర్ ఆటో ఛానల్‌లో ఉంది. 40 మెగాహెర్ట్జ్ వెడల్పు పెట్టుకుని 2402 నుంచి 2442 మెగాహెర్ట్జ్ దాకా పరుచుకుని కూర్చుంది. మొత్తం 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండే 2400 నుంచి 2483.5 వరకు, అంటే 83.5 మెగాహెర్ట్జ్. అందులో దాదాపు సగం ఒక్క ఇల్లే ఆక్రమించింది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు వాడకానికి 2005 నుంచి లైసెన్స్ అక్కర్లేదు. అందుకే వైఫై, బ్లూటూత్, జిగ్బీ, దానిలాంటిదే అయిన థ్రెడ్ అన్నీ ఇందులోనే ఉంటాయి. ఎవరికీ హక్కు లేదు, ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి లేదు. మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2450 మెగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది. దాని తలుపు సందుల్లోంచి బయటికి వచ్చేది మనిషికి హాని చేసేంత ఉండదు గానీ, పక్కనున్న చిన్న సెన్సర్ గొంతు నొక్కడానికి సరిపోతుంది.

వైఫై ఛానల్ 1 నడిమి పాయింటు 2412, ఛానల్ 6కు 2437, 11కు 2462. ఒక్కోటి 20 మెగాహెర్ట్జ్ వెడల్పు కాబట్టి ఈ మూడూ ఒకదానికొకటి తగలవు. జిగ్బీ ఛానళ్ల నంబర్లు వేరు, 11 నుంచి 26 వరకు. ఇక్కడే చాలామంది పొరబడతారు. జిగ్బీ 11 అంటే వైఫై 11 కాదు. జిగ్బీ 11 ఉండేది 2405లో, అంటే వైఫై ఛానల్ 1 కిందనే. ఒక్కో మెట్టుకు 5 మెగాహెర్ట్జ్ ఎక్కుతూ పోతే జిగ్బీ 15 ఉండేది 2425లో, 20 ఉండేది 2450లో, 25 ఉండేది 2475లో. వెడల్పు 2 మెగాహెర్ట్జే. వైఫై 1, 6, 11 మధ్య సందుల్లో, చివర ఖాళీలో సరిగ్గా ఒదిగే ఛానళ్లు ఇవే. సార్ ఇంట్లో జిగ్బీ 11లో ఉంది. సాఫ్ట్‌వేర్ మొదట పెట్టే ఛానల్‌ని ఎవరూ మార్చలేదు. అంటే సొంత రూటరే దాని నెత్తిన కూర్చుంది.

రెండూ మాట్లాడే ముందు గాలి ఖాళీగా ఉందా అని వింటాయి. తేడా ఎక్కడంటే, వైఫై మోత వినగానే జిగ్బీ ఆగిపోతుంది. జిగ్బీ సన్నటి గొంతు వైఫైకి చాలాసార్లు వినపడనే వినపడదు, కాబట్టి అది ఆగదు. సెన్సర్ కొన్నిసార్లు మళ్లీ మళ్లీ ప్రయత్నించి వదిలేస్తుంది. ఇంట్లోవాళ్లకు కనిపించేది లైటు వెలగకపోవడమే.

దానికి తోడు గేటు కెమెరా. రాతి గోడ అవతల ఉన్న ఆ కెమెరాకు సిగ్నల్ సరిగా అందక, వైఫై వేగం సెకనుకు 6.5 మెగాబిట్లకు పడిపోయింది. మామూలుగా దానికి 72 దాకా రావాలి. 1500 బైట్ల ఒక ప్యాకెట్ పంపడానికి 72 మెగాబిట్ల దగ్గర 0.17 మిల్లీసెకను పడితే, 6.5 దగ్గర 1.85 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే అదే ముక్క పంపడానికి 11 రెట్ల టైం. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో మిర్యాలగూడ మిల్లుల దారిలో ట్రాక్టర్ల లైన్ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ముందున్న ఒక ట్రాక్టర్ నత్తనడక నడిస్తే వెనకున్న ఏ బండి ఇంజనూ పనికిరాదు. పైగా ఆ కెమెరా రిపీటర్ ద్వారా వస్తోంది. రిపీటర్ విన్న మాటనే అదే ఛానల్‌లో రూటర్‌కు మళ్లీ చెప్పాలి. ఒక్క బొమ్మ గాలిలో రెండుసార్లు ప్రయాణం.

మిద్దె మీద ఇరవై నొక్కులు

ఇంతవరకు కొడుకు చెప్పినదానికి సరిపోయింది. కానీ నా మనసు ఒప్పుకోలేదు. లైట్లు ఆలస్యంగానైనా వెలుగుతున్నాయి. ట్యాంకు సెన్సర్ మాత్రం నిండిన కబురు అసలు పంపడం లేదు, అది కూడా దాదాపు ప్రతిరోజూ. రద్దీయే కారణమైతే ఒకరోజు పోవాలి, ఒకరోజు రావాలి.

నా బ్యాగులో ఎప్పుడూ ఒక చిన్న జిగ్బీ బటన్ ఉంటుంది. బ్యాటరీతో నడిచేది, నొక్కితే ఒక సందేశం పంపుతుంది, అంతే. నాకు దీన్ని మించిన మీటర్ లేదు. దాన్ని నేరుగా హబ్‌కు కలిపి, మిద్దె ఎక్కి, సెన్సర్ ఉన్న చోటే పట్టుకుని ఇరవై సార్లు నొక్కాను. కింద సార్ స్క్రీన్ ముందు కూర్చుని, కాగితం మీద గీతలు గీస్తూ ఎన్ని వచ్చాయో లెక్కపెట్టారు. ఆయన హెడ్మాస్టర్. అటెండెన్స్ తీసుకున్నంత శ్రద్ధగా తీసుకున్నారు.

ట్యాంకులో నీళ్లు అడుగున ఉన్నప్పుడు 20కి 18 అందాయి. మోటార్ వేశాం. సగానికి వచ్చాక మళ్లీ ఇరవై నొక్కులు. 13. అంచుకు నాలుగు వేళ్ల కిందికి నీళ్లు వచ్చాక ఇంకో ఇరవై. 5.

అప్పుడు ట్యాంకు చుట్టూ ఒకసారి తిరిగి చూశాను. వెయ్యి లీటర్ల నల్ల ప్లాస్టిక్ ట్యాంకు. సెన్సర్ డబ్బా ట్యాంకుకు ఉత్తరం వైపు అంటించి ఉంది. ఎండాకాలం ఎండకు కాలిపోకూడదని కొడుకు నీడ చూసి పెట్టాడు. మంచి ఆలోచనే. కానీ మెట్ల గది, దాని కింద హాల్లోని హబ్, అన్నీ దక్షిణం వైపు. సెన్సర్‌కు, హబ్‌కు నడుమ ట్యాంకు నిలబడి ఉంది. ఖాళీ ప్లాస్టిక్‌లోంచి రేడియో తరంగం సులువుగా దాటిపోతుంది. నీళ్లలోంచి దాటదు. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర నీళ్లు తరంగాన్ని బాగా పీల్చుకుంటాయి. అంటే సెన్సర్ మాట్లాడాల్సిన ఒకే ఒక్క క్షణంలో, ట్యాంకు నిండిన ఆ క్షణంలోనే, దాని ఎదురుగా వెయ్యి లీటర్ల నీళ్ల గోడ లేస్తోంది. పొద్దున పది గంటలకు ట్యాంకు సగానికి పైగా ఖాళీ, కాబట్టి నాకు ఏమీ కనపడలేదు.

సార్‌కు చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే వానికి నోరు ఉన్నది గానీ, చెప్పే యాళ్లకు నోట్లె నీళ్లు పోసినట్టు" అన్నారు. నేను ఎంత చెప్పినా ఇంత సూటిగా చెప్పలేను.

డాంగిల్ పక్కనే డిస్క్

ట్యాంకు అడుగున ఉన్నప్పుడు కూడా 20కి 18 ఎందుకు? పూర్తిగా ఇరవై అందాలి కదా. కిందికి దిగి టీవీ స్టాండ్ వెనక చెయ్యి పెట్టి రాస్‌బెర్రీ పైని బయటికి తీశాను. నీలం రంగు యూఎస్‌బీ పోర్టులో ఎస్‌ఎస్‌డీ డిస్క్, దాన్ని ఆనుకునే జిగ్బీ డాంగిల్, అంటే హబ్ తరఫున సెన్సర్ల మాట వినే చిన్న రేడియో. రెంటి మధ్య బియ్యపు గింజ పట్టేంత సందు. పైన అరచెయ్యి దూరంలో వైఫై రూటర్, దాని మూడు యాంటెనాలు డాంగిల్ వైపే వంగి ఉన్నాయి. ఈ మూడింటినీ ఒకే చోట పెట్టడం వల్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటే సరిపోయింది, తీగలు కనపడవు, చూడటానికి ముచ్చటగా ఉంది.

యూఎస్‌బీ 3 డేటా సెకనుకు 5 గిగాబిట్లతో పరుగెడుతుంటే, ఆ కనెక్టర్ నుంచి, కేబుల్ నుంచి 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు మొత్తం మీద ఒక సన్నటి హోరు బయటికి వస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. ఇంటెల్ కంపెనీ 2012లోనే దీని మీద ఒక పత్రం ప్రచురించింది. ఈ హోరు ఏ వైఫై అనలైజర్ యాప్‌లోనూ కనపడదు, ఎందుకంటే అది వైఫై కాదు. హబ్ చెవి దగ్గరే మిక్సీ తిప్పినట్టు. దూరం నుంచి వచ్చే సెన్సర్ మాట అందులో కలిసిపోతుంది. ఛానల్ ఎన్నిసార్లు మార్చినా ఇది తగ్గదు, బ్యాండంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి.

దీనికి మందు ఒక మీటరున్నర పొడవు యూఎస్‌బీ 2 ఎక్స్‌టెన్షన్ కేబుల్. డాంగిల్‌ను నలుపు పోర్టులోకి మార్చి, కేబుల్‌తో దూరం లాగి, కిటికీ పక్కన గోడకు నిలువుగా కట్టాను. ట్యాంకు నిండుగానే ఉంది కాబట్టి మళ్లీ పైకెక్కి ఇరవై నొక్కాను. 5 అందిన చోట ఇప్పుడు 14 అందాయి. ఛానల్ ముట్టుకోలేదు, సెన్సర్ కదపలేదు. ఒక్క తీగ.

ఇరవై నొక్కుల లెక్కతో శాస్త్రం రాయలేమని నాకు తెలుసు. కానీ ఏది ఎంత మేలు చేసిందో ఒక్కొక్కటిగా చూసుకుంటూ పోవడానికి ఇది చాలు. నాలుగు మార్పులు ఒకేసారి చేసి "అయిపోయింది సార్" అని వచ్చేస్తే, ఆరు నెలల తర్వాత మళ్లీ చెడినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో నాకే తెలియదు.

ఆ రాత్రి ఇంటికి పోతూ పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయం గుర్తొచ్చింది, ఆ ఊరి మీదుగానే పోతాను కదా. గర్భగుడిలో పొద్దంతా కదలకుండా నిలబడే నీడ ఎదురుగా ఉన్న ఏ ఒక్క స్తంభానిదో కాదు. వేర్వేరు వైపుల నుంచి స్తంభాల మధ్యగా వచ్చే వెలుగులు కలిస్తే ఏర్పడే నీడ. ఈ ఇంట్లోనూ అంతే. రూటర్ ఒక్కటే, ట్యాంకు ఒక్కటే, డిస్క్ ఒక్కటే అయితే సెన్సర్ ఎలాగో నెట్టుకొచ్చేది.

ఛానళ్లు సర్దడం

రూటర్‌లో 40 మెగాహెర్ట్జ్ తీసేసి 20కి తెచ్చాను. ఆటో తీసేసి ఛానల్ 1లో పాతుకునేలా పెట్టాను. ఆటో ఎందుకు వద్దంటే, చాలా రూటర్లు ఆన్ అయినప్పుడు చుట్టూ చూసి ఛానల్ ఎంచుకుంటాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు గల్లీలోని రూటర్లన్నీ ఒకేసారి లేస్తాయి. అప్పుడు ఏది ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. నిన్న బాగున్నది ఇవ్వాళ చెడిపోవడానికి ఇదొక కారణం, జనం దీన్ని వానకో, గాలికో అంటగడతారు.

పైగదికి రిపీటర్ బదులు ల్యాన్ కేబుల్ లాగి, సార్ వాళ్ల పాత రూటర్‌నే యాక్సెస్ పాయింట్‌గా (తీగ చివర వైఫై ఇచ్చే పెట్టెగా) మార్చి ఛానల్ 6లో పెట్టాను. గేటు కెమెరాకు, వెనక కెమెరాకు కూడా తీగ వేశాను. కాలింగ్ బెల్ కోసం వేసిన పైపు ఉంది, గోడ పగలగొట్టాల్సిన పని పడలేదు. కదలని వస్తువుకు తీగ, కదిలే వస్తువుకు గాలి. నా వరకు ఇదే పద్ధతి. టీవీని, ఫోన్లను 5 గిగాహెర్ట్జ్‌కు పంపాను. అది రాతి గోడ దాటదు, కానీ టీవీ రూటర్ ఉన్న గదిలోనే ఉంది కదా. ఏసీ రిమోట్ పెట్టెలకు 2.4 తప్ప వేరే గతి లేదు, వాటి కోసం 2.4కు వేరే పేరు పెట్టి అందులోనే ఉంచాను. పేర్లు ఎక్కువ పెట్టకూడదు. ఒక్కో పేరుకు రూటర్ సెకనుకు సుమారు పది సార్లు "నేను ఇక్కడ ఉన్నాను" అని చాటుతుంది, అది కూడా అతి నెమ్మదైన వేగంలో.

పవర్ ఫుల్ నుంచి మీడియంకు తగ్గించాను. సార్ భయపడ్డారు. "గీతలు తగ్గుతయి కదా" అన్నారు. రూటర్ గట్టిగా అరిచినంత మాత్రాన ఫోన్ గొంతు పెరగదు. రూటర్ మాట ఫోన్‌కు వినపడి, ఫోన్ మాట రూటర్‌కు వినపడకపోతే గీతలు నిండుగా ఉండి కూడా వాట్సాప్ వీడియో తిరుగుతూనే ఉంటుంది. పైనొకటి, కిందొకటి పెట్టుకున్నాక దేనికీ అరవాల్సిన పని లేదు.

ఇక జిగ్బీకి ఏ ఛానల్? 15 ఉండేది మన 1కి, 6కి నడుమ, రెండు సొంత రూటర్ల మధ్య. 20 ఉండేది 2450లో, సరిగ్గా మైక్రోవేవ్ కూర్చునే చోట, పైగా వంటగది హాలుకు ఆనుకునే ఉంది. 26లో కొన్ని పరికరాలు పవర్ తగ్గించుకుంటాయి, కొన్ని అసలు కలవవు. మిగిలింది 25. ఇక్కడ అమెరికా వాళ్ల సలహాలను గుడ్డిగా తీసుకోకూడదు. వాళ్ల దగ్గర వైఫై 11తో ఆగిపోతుంది కాబట్టి 25 ఎప్పుడూ ఖాళీ. మన దగ్గర 12, 13 కూడా ఉన్నాయి. 13లో ఎవరైనా కూర్చుంటే 2462 నుంచి 2482 దాకా పరుచుకుంటారు, 25 దాని కిందికి వచ్చేస్తుంది. ఇంటి నాలుగు మూలల్లో, మిద్దె మీద మళ్లీ చూశాను. 12లో, 13లో ఎవరూ లేరు. 25కు మార్చాను.

నా పొరపాటు

ఆ మార్పు రాత్రి ఎనిమిదింటికి చేశాను. అది తప్పు. జిగ్బీ ఛానల్ మారితే కరెంటుతో నడిచే పరికరాలు చాలావరకు వెంట వస్తాయి. బ్యాటరీ సెన్సర్లు ఎక్కువసేపు నిద్రలో ఉంటాయి, మార్పు కబురు వినకుండానే పాత ఛానల్‌లో ఉండిపోతాయి. ఐదు సెన్సర్లు అలా తప్పిపోయాయి. అందులో రెండు బాత్రూమ్ దారిలోవి. పొద్దున చూద్దాంలే అనుకుని వచ్చేశాను. ఆ రాత్రి అమ్మ చీకట్లో గోడ పట్టుకుని నడిచారని తెల్లారి సార్ చెబితే నా ప్రాణం ఉసూరుమంది. ఆమె ఒక్క మాట అనలేదు, చాయ్ పెట్టి ఇచ్చారు. ఆరింటికే వెళ్లి అన్నీ మళ్లీ కలిపాను. అప్పటి నుంచి ఛానల్ మార్చే పని పొద్దునే మొదలుపెడతాను, ఆ ఇంట్లో మనుషుల అవసరానికి పెట్టిన సెన్సర్లు అన్నీ నా కళ్ల ముందు పనిచేసేదాకా గడప దాటను.

స్విచ్‌లు ఆపి పడుకునే అలవాటు

ఇంకొకటి మిగిలింది. రాత్రి పదిన్నర తర్వాత రద్దీ తగ్గినా, బాత్రూమ్ లైటు అప్పుడప్పుడు మొరాయిస్తోంది. హోమ్ అసిస్టెంట్‌లో జిగ్బీ మ్యాప్ తీస్తే, ఆ సెన్సర్ ఒక స్మార్ట్ ప్లగ్ ద్వారా హబ్‌కు చేరుతోంది. జిగ్బీలో కరెంటుకు తగిలించిన పరికరాలే పక్కవాళ్ల మాటను ముందుకు మోస్తాయి. ఆ ప్లగ్ రోజూ రాత్రి మాయమై, పొద్దున ఐదుకు తిరిగొస్తోంది. అమ్మను అడిగాను. "పండుకునే ముందు స్విచ్‌లన్నీ బంద్ చేస్త బిడ్డా, ఎప్పటిసంది అలవాటు" అన్నారు.

ఆమె అలవాటు సరైనదే. మార్చుకోవాల్సింది మన వైరింగ్. ఫ్రిజ్ స్విచ్ ఎవరూ ఆపరు. ఆ బోర్డులో ఉన్న ఇంకో సాకెట్‌కు స్విచ్ తప్పించి నేరుగా కరెంటు ఇచ్చి, ప్లగ్‌ను అక్కడికి మార్చాను. స్మార్ట్ బల్బులతో కూడా ఇదే చిక్కు. గోడ స్విచ్ ఆపితే బల్బు ఒక్కటే ఆరిపోదు, దాని మీద ఆధారపడిన సెన్సర్లకు కూడా దారి తెగిపోతుంది.

మోటార్ సంగతి వేరు

ట్యాంకు సెన్సర్ డబ్బాను దక్షిణం వైపుకు, మెట్ల గది సన్‌షేడ్ నీడ పడే చోటికి మార్చాను. ట్యాంకు నిండుగా ఉండగా బటన్ ఇరవై సార్లు నొక్కితే ఇరవై అందాయి. ఆ తర్వాత మూడు రాత్రులు లాగ్ చూశాను, నిండిన కబురు ప్రతిసారి వచ్చింది, మోటార్ ఆగింది. లైట్లు సాయంత్రం ఏడింటికి కూడా పొద్దున వెలిగినట్టే వెలిగాయి.

అయినా కొడుక్కి ఫోన్ చేసి ఒకటి గట్టిగా చెప్పాను. లైటు వెలగకపోతే చేత్తో వేసుకుంటారు. మోటార్ ఆగకపోతే నీళ్లు పోతాయి, సంపు ఖాళీ అయితే మోటార్ కాలిపోతుంది. దాన్ని ఆపే బాధ్యత రేడియో ఒక్కదాని మీద పెట్టకూడదు, ఆ రేడియో ఎంత బాగా పనిచేసినా సరే. రెండు పనులు చేశాం. ఒకటి, రిలేకు ఆన్ ఆదేశం పంపేటప్పుడే "ఇన్ని నిమిషాల తర్వాత నీ అంతట నువ్వే ఆగు" అని కలిపి పంపేలా మార్చాం. ట్యాంకు నిండటానికి 35 నిమిషాలు పడుతుంది, గడువు 45 పెట్టాం. హబ్ చచ్చిపోయినా రిలే తనే ఆగుతుంది. రెండు, ట్యాంకులో తీగతో నడిచే ఫ్లోట్ స్విచ్ వేసి, స్టార్టర్‌లో మోటార్‌కు కరెంటు కలిపి ఉంచే కాంటాక్టర్ కాయిల్‌ను అది తెంచేలా కలిపాను. 230 వోల్టుల తీగను నీళ్లలోకి దింపకుండా 12 వోల్టుల రిలే ద్వారా పెట్టాను. ఎవరైనా ఇది చేయించుకుంటే ఆ ఒక్క విషయం ఎలక్ట్రీషియన్‌ను తప్పకుండా అడగండి, ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంచే స్విచ్) ఉందో లేదో కూడా చూపించుకోండి.

ఈ కేసులో కొత్తగా కొన్నవి మీటరున్నర ఎక్స్‌టెన్షన్ కేబుల్, ల్యాన్ కేబుల్, ఫ్లోట్ స్విచ్, ఒక చిన్న రిలే. రిపీటర్ సార్ వాళ్ల బీరువాలోకి పోయింది. ఏ రూటర్ ఏ ఛానల్‌లో ఉంది, జిగ్బీ ఎక్కడ ఉంది, ఏ తేదీన మార్చాం అని ఒక కాగితం రాసి టీవీ స్టాండ్ తలుపు లోపలి వైపు అంటించాను. రెండు నెలలకోసారి వెళ్లి 13లోకి ఎవరైనా వచ్చారేమో చూడాలి, ఆ పని నాదే.

చివరి ఆదివారం సాయంత్రం రాస్‌బెర్రీ పై ప్లగ్ పీకేశాను, రూటర్ కూడా ఆపాను. మోటార్‌ను స్టార్టర్ దగ్గర చేత్తోనే వేసి సార్, నేను మిద్దె ఎక్కాం. ఆయన టార్చ్ పట్టుకున్నారు, నేను మూత తీశాను. నీళ్లు ఎక్కుతున్నాయి. ఫ్లోట్ బంతి మెల్లగా పైకి తిరిగింది, కింద స్టార్టర్ టక్‌మంది, పైపులోంచి పడుతున్న ధార సన్నబడి ఆగిపోయింది. సార్ ఇంకో ఐదు నిమిషాలు టార్చ్ ఆర్పకుండా అక్కడే నిలబడ్డారు. తర్వాత కిందికి దిగి రాస్‌బెర్రీ పైకి, రూటర్‌కు మళ్లీ కరెంటు ఇచ్చాను.